అందరికీ తొమ్మిది వందల ఎనభై

భౌతికశాస్త్రం చదివిన ప్రతివారికీ కంఠతా వచ్చిన సంఖ్య ఒకటి ఉంది. పైనుంచి జారవిడిచిన వస్తువు నేలకు పడుతున్నప్పుడు దాని వేగం సెకను సెకనుకు ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య అది. సెంటీమీటర్ల లెక్కలో తొమ్మిది వందల ఎనభై. ఇంటర్మీడియట్ విద్యార్థి ప్రయోగశాలలో ఒక దారానికి చిన్న లోహపు గుండు కట్టి, ఊపి, అది ఇరవై సార్లు ఊగడానికి పట్టిన కాలాన్ని గడియారంతో కొలిచి, ఆ సంఖ్యను స్వయంగా రాబట్టాలి. దీనిని సాధారణ లోలకం ప్రయోగం అంటారు. నర్సీపట్నంలో నా ఉద్యోగకాలమంతా నేను ఈ ప్రయోగం చేయించాను. చేయకుండా రాసి తెచ్చినవారి రికార్డు పుస్తకాలను తిప్పి పంపాను. ఈ ఊళ్లో నాకు స్నేహితులు తక్కువగా ఉండడానికి అది ముఖ్యకారణం.

రికార్డు రాయడంలో మనవాళ్లు అనుసరించే పద్ధతి విశిష్టమైనది. ముందుగా పేజీ అడుగున ఫలితం రాస్తారు: తొమ్మిది వందల ఎనభై. ఆ ఫలితం రావాలంటే కాలం ఎంత ఉండాలో వెనక్కి లెక్క కడతారు. చిట్టచివర ఆ కాలాలను పట్టికలో నింపుతారు. గుండు మాత్రం బీరువాలోనే ఉంటుంది. ఒక సంవత్సరం పిల్లలు రాసినదానిని మరుసటి సంవత్సరం పిల్లలు చూసి రాస్తారు. వారిని చూసి ఆపైవారు. ఈ పరంపరలో ఎవడో ఒకడు సెకన్లు అని రాయవలసిన చోట సెంటీమీటర్లు అని రాస్తే, ఆ పొరపాటు అక్కడినుంచి వంశపారంపర్యంగా దిగివచ్చిన రికార్డులను నేను చూశాను. నిజానికి మన అక్షాంశంలో ఆ సంఖ్య ఎనభైకి కొంచెం తక్కువే. కనుక నర్సీపట్నంలో కూర్చుని కచ్చితంగా ఎనభై తెచ్చినవాడు కొలిచింది ఈ ఊరిని కాదు, పాఠ్యపుస్తకంలోని ఒక పేజీని.

అందుచేత, కృత్రిమ మేధ వచ్చి మన విజ్ఞానాన్ని చెడగొడుతున్నదని వేదికలెక్కి కంటతడి పెట్టే పెద్దలను చూస్తే నాకు జాలి కూడా కలగదు. చెడగొట్టడానికి ముందు అక్కడ ఏదో ఒకటి ఉండాలి. ఆ పెద్దలలో సగం మంది తమ కాలంలో ఏ గుండునూ ఊపకుండానే పట్టాలు పుచ్చుకున్నవారని నాకు తెలుసు. వారి రికార్డులు దిద్దినవాడిని నేనే.

ఈమధ్య జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా ఊళ్లోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల కరస్పాండెంటు మా ఇంటికి వచ్చాడు. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడ్డాయట. పిల్లలకు పరికరాల పేర్లయినా తెలియాలి కనుక నేను వచ్చి కొన్నాళ్లు ప్రయోగశాల నడపాలట. ప్రయోగశాల ఏడాదంతా ఏమి చేస్తున్నదని అడిగాను. "తాళం వేసి భద్రంగా ఉంచామండి" అన్నాడు. వెళ్లాను. తాళంచెవి వెతకడానికే ఒక పూట పట్టింది. లోపల ప్రయోగపు బల్లల మీద ప్రవేశాల ప్రకటన కాగితాలు కట్టలు కట్టి ఉన్నాయి. కాగితాల మీద మొదటి బొమ్మ, సూక్ష్మదర్శినిలోకి చూస్తున్న ఒక విద్యార్థినిది. సూక్ష్మదర్శిని మాత్రం ఆ గదిలో ఎక్కడా కనిపించలేదు.

అక్కడ ఫిజిక్సు చెప్పే లెక్చరరు యువకుడు. తెలివైనవాడే. తెలివిని వాడవలసిన అవసరం కలగని ఉద్యోగంలో ఉన్నాడు, అంతే.

"ఇప్పుడు పిల్లలకి ఇబ్బంది లేదండి మాస్టారూ," అన్నాడు. "ఫోన్లో ఏఐని అడిగితే రీడింగులు ఇచ్చేస్తోంది. పైగా ఒకటి రెండు కొంచెం అటూ ఇటూ పెడుతోందండి, నేచురల్‌గా ఉంటుందని."

"నేచురల్‌గా అంటే?"

"అంటే... చేసినట్టు ఉంటుందండి."

ఫోనులోని పట్టిక చూపించాడు. అంగీకరించవలసిన మాట అంగీకరించాలి: అది అందమైన పట్టిక. మా కాలపు దొంగరాతల్లో కాలాలన్నీ సైనికుల్లా వరుస కట్టి నిలబడేవి. ఒక్క చూపుతో పట్టుకునేవాడిని. ఈ పట్టికలో అంకెలు నిజమైన చేతి వణుకుతో ఉన్నట్టు ఉన్నాయి. ఫలితం తొమ్మిది వందల డెబ్బయి తొమ్మిది పాయింటు ఏదో. కొలతలో పొరపాటు ఏ రూపంలో ఉంటుందో ఆ యంత్రానికి తెలుసు. కొలవడం అంటే ఏమిటో అడగవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

తరగతిలో దాదాపు అందరూ ఆ పట్టికనే రాసుకున్నారు. ఒక అమ్మాయి రాసుకోలేదు. రోలుగుంట వైపు పల్లెనుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. తండ్రి చెరకు పండిస్తాడు. రాసుకోకపోవడానికి కారణం సత్యం మీద ప్రేమ అని అనుకుంటే మీరు పొరపడినట్టే. ఆమె భయం వేరు. అర్ధ సంవత్సరం పరీక్షలో ఆమె మార్కులు పలచగా వచ్చాయి. విశాఖపట్నంలో ఒక డిగ్రీ కళాశాలలో ఉచిత హాస్టలుతో సీటు మార్కుల వరుసలో ఇస్తారు. సీటు వస్తేనే చదువు. లేకపోతే చెరకు తోట.

"ప్రాక్టికల్స్‌లో ఫుల్ మార్కులు రాపోతే నాకు సీటు రాదండి," అని మొదటి రోజే నాతో చెప్పింది. "ఎగ్జామినరు ఎదర సెయ్యమంటే నేను సెయ్యగలగాల. అందుకే నేర్సుకుంతాను."

మంచిది. నిజానికి చేరే దారి ఏదైనా నాకు అభ్యంతరం లేదు. నడిచేవారే కనబడని ఊళ్లో దారి గురించి పేచీ పెట్టలేను. గుండు కట్టింది, ఊపింది, బల్ల మీది పాతకాలపు స్టాప్ క్లాకుకు కీ ఇచ్చి కాలం కొలిచింది. తొమ్మిది వందల ముప్పై వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ ముప్పై చుట్టుపక్కలే.

వెనక బల్ల మీది స్నేహితురాలికి నవ్వు వచ్చింది. "ఏటే, ఇంకా ఊపుతున్నావేటి? బిడ్డ పడుకోలేదా?"

"నువ్వు కాపీ కొట్టిన బిడ్డని సూసుకో," అన్నది ఈ పిల్ల, గుండు మీదినుంచి చూపు తిప్పకుండా.

నేను దగ్గరకు వెళ్లి, విద్యార్థులు తరతరాలుగా చేస్తున్న తప్పు చెప్పాను. గుండును వదిలిన క్షణాన సున్నా అనాలి; మనవాళ్లు ఒకటి అంటారు. దానితో ఇరవై ఊగులని రాసినవి నిజానికి పందొమ్మిదే అవుతాయి. "నువ్వు ఒకటినుంచి మొదలుపెట్టి ఉంటావు," అన్నాను.

"సున్నా నుంచే లెక్కెట్టానండి. అయినా మాస్టారూ, ఒకటి నుంచి లెక్కెడితే టైము తగ్గిపోద్ది కదండీ. అప్పుడు ఇలువ పెరగాల. నాది తగ్గింది."

నాకు ఎదురు సమాధానం చెప్పిన విద్యార్థులు అనేకులు. సరైన దిక్కుకు చెప్పినవారు అరుదు. నేను కుర్చీ లాక్కుని ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను.

ముందుగా ఆమె చేసిన పని ఈ కాలపు పిల్లలందరూ చేసేదే: తేడా ఎందుకు వచ్చిందని ఫోనును అడిగింది. అది ఒక జాబితా ఇచ్చింది. గాలి అడ్డుకోవడం, దారం సాగడం, గుండును మరీ దూరం లాగి వదలడం, ఊగులు లెక్కించడంలో పొరపాటు, చేతి ఆలస్యం, ఫ్యాను గాలి, గడియారంలో లోపం, ఇంకా ఎన్నో. లెక్కించడంలో పొరపాటే ముఖ్యకారణం కావచ్చునన్నది. తాను సరిగానే లెక్కించానని ఈమె చెప్పగానే క్షమాపణ కోరి, అయితే దారం కావచ్చునన్నది. దారం కాదంటే మళ్లీ క్షమాపణ.

"సెడ్డ మంచిదండి ఇది," అన్నది ఆ పిల్ల. "ఏది కాదంటే దానికి సారీ సెప్పేస్తోంది."

న్యాయంగా చెప్పాలంటే, దోషి పేరు ఆ జాబితాలో ఉంది. కాని ఊరి ఓటర్ల జాబితా తెచ్చి చేతిలో పెట్టి, దొంగ ఇందులోనే ఉన్నాడు చూసుకోండి అనే పోలీసును మీరు మెచ్చుకుంటారా? ఫలితం తేడాగా వచ్చినప్పుడు ప్రకృతి మనతో "కాదు" అని మాత్రమే అంటుంది. ఏది కాదో చెప్పదు. పొడవు, లెక్క, గడియారం, చివరికి మనం నమ్మిన సూత్రం కూడా, అన్నీ ఒకే బోనులో నిలబడతాయి. ఒక్కొక్కదానినీ ప్రశ్నించి నిర్దోషులను విడుదల చేస్తూ పోవడమే శాస్త్రం. ఆ విచారణ సాగని చోట ఎంత సమాచారం ఉన్నా అది కబుర్ల కిందే జమ. ఈ మాట నేను తరగతుల్లో చాలాసార్లు చెప్పాను. పరీక్షలో వస్తుందా అని అడిగేవారు.

ఆ పిల్ల విచారణ మొదలుపెట్టింది. దారం పొడవు మార్చి మార్చి కాలం కొలిచి, గ్రాఫు కాగితం మీద గీత గీసింది. పొడవు కొలవడంలో ఎప్పుడూ ఒకే తప్పు చేస్తూ ఉంటే ఆ గీత సున్నా బిందువును తప్పి పక్కనుంచి పోవాలి. ఆమె గీత తిన్నగా సున్నా గుండా పోయింది. వాలు మాత్రం ఉండవలసినట్టు లేదు.

"పొడుగు తప్పు కాదండి," అన్నది. "అయితే టైమే."

ఇద్దరం స్టాప్ క్లాకు వైపు చూశాము. బల్ల మీద దర్జాగా కొట్టుకుంటున్నది. నా చేతి గడియారం విప్పి దాని పక్కన పెట్టాను. పది నిమిషాలు గడిచేసరికి స్టాప్ క్లాకు పావు నిమిషం ముందుకు పోయింది.

నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ముగియకముందే ఆమె అడిగింది: "మీ వాచీయే లేటేమో మాస్టారూ?"

కళాశాలలో ఎవరైనా ఆ ప్రశ్న విని ఉంటే పెద్దవారితో అలా మాట్లాడవచ్చునా అని ఆమెను మందలించి ఉండేవారు. ఆ భవనంలో ఆ ఏడాది పుట్టిన ఏకైక శాస్త్రీయమైన ప్రశ్న అది. ఆఫీసు గదిలోని గోడ గడియారంతో చూశాము. ఆమె ఫోనులోని గడియారంతో చూశాము. ఆ ఫోనుకు నేను అప్పగించిన మొదటి గౌరవప్రదమైన ఉద్యోగం అదే. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఆ ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెప్పారు. స్టాప్ క్లాకు పరుగెడుతున్నది; అందుకే కాలాన్ని ఎక్కువ చేసి చూపించి, ఫలితాన్ని తగ్గించింది. ఆ పరుగును లెక్కలోంచి తీసివేస్తే ఆమె ఫలితం తొమ్మిది వందల డెబ్బయి ఏడు అయింది. ఇది నర్సీపట్నంలో ఒక మనిషి తన చేతులతో రాబట్టిన సంఖ్య.

ఇక్కడ చదువరి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ ప్రయోగశాలలో ఉన్న స్టాప్ క్లాకు అదొక్కటే. ఆ గడియారంతో, దిద్దుబాటు లేకుండా, తొమ్మిది వందల ఎనభై రావడం అసాధ్యం. బీరువాలో పేర్చి ఉన్న పాత రికార్డులన్నీ ఆ అసాధ్యాన్ని సాధించాయి. ప్రతి పేజీ కింద "గుడ్" అన్న ముద్ర, సంతకం. ఫోను కూడా అదే సాధించింది. గడియారం చెడిపోయిన సంగతి ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఒక్కటే: దానికి కీ ఇచ్చినవారు లేరు.

ఈ సంగతి యువ లెక్చరరుకు చెప్పాను. అతడు ఆశ్చర్యపడ్డాడు, మరుక్షణమే కంగారుపడ్డాడు. "అమ్మా, ఎగ్జామ్‌లో మాత్రం ముప్పై వెయ్యకు," అని ఆ పిల్లను హెచ్చరించాడు. "ఎగ్జామినరు అంకె తప్ప ఏమీ చూడడు. ముప్పై కనబడితే కోసేస్తాడు. ఎనభై రాసెయ్, గొడవుండదు."

ఆమె నా వైపు చూసింది. నేను ఆ సీటు ఇప్పించగలవాడిని కాను. ఆమె చదువు పోతే దానికి పూచీ పడగలవాడినీ కాను. "పరీక్ష నీది. రాయవలసినది నువ్వు," అన్నాను. మెత్తగా చెప్పలేదు. మెత్తగా చెబితే అది ఒక పక్షం వైపు ఒత్తిడి అవుతుంది.

పరీక్ష రోజున బయటి ఎగ్జామినరు మధ్యాహ్నానికి దిగాడు. ఆ రోజు కళాశాలలో అత్యంత శ్రద్ధగా నడిచిన ప్రయోగం ఆయన భోజనం. పులుసులోకి ఏ చేప అనే విషయం మీద కరస్పాండెంటు స్వయంగా ఇద్దరు ముగ్గురిని సంప్రదించాడు. ఫలితాన్ని ముందుగా రాసుకోకుండా రుచి చూసి మరీ నిర్ణయించాడు. పిల్లలు చీటీలు తీశారు. పనిచేసే పరికరాలు తక్కువ కనుక సగం మందికి లోలకమే వచ్చింది, ఆ పిల్లకు కూడా. పెద్దరికం కోసం నన్ను ప్రయోగశాలలో ఒక మూల కూర్చోబెట్టారు. అక్కడినుంచి ఆమెను చూస్తూనే ఉన్నాను. తొమ్మిది వందల ముప్పై రాసింది. దాని కింద గడియారం పరుగు ఎంతో, ఎలా తెలిసిందో రాసింది. ఆ తరువాతే దిద్దిన ఫలితం రాసింది. ఆ పేపరే ఇచ్చి బయటికి వెళ్లింది.

భోజనం ముగించి వచ్చిన ఎగ్జామినరు యలమంచిలిలో రైలు అందుకోవాలట. నిలబడే మార్కులు వేయడం మొదలుపెట్టాడు. పేపర్లు తిప్పుతున్న వేగం చూస్తే, వాటిలో ఏముందో ఆయనకు తెలియడానికి అవకాశమే లేదు. నేను లేచి వెళ్లాను.

"ఒక్క పేపరు చదివి వెళ్లండి," అన్నాను.

ఆయన వెంటనే పెన్ను ఆపాడు. "ఏ నెంబరండి మాస్టారూ?"

"నెంబరు సంగతి కాదు. ఒక అమ్మాయి తొమ్మిది వందల ముప్పై రాసింది. ఎందుకు రాసిందో చదవండి."

"అయ్యయ్యో. మీ తాలూకు అమ్మాయా? ముందే ఒక్క మాట అనుంటే సరిపోయేది కదండీ!"

"నా తాలూకు కాదండీ. ఆమె పట్టుకున్నది నిజమో కాదో చూడమంటున్నాను."

"అర్థమైందండి. మీ అంతటివారు ఇంతగా చెప్పాక..." పేపరు వెతికి తీసి, అడుగున పెద్ద అక్షరాలతో పూర్తి మార్కులు వేశాడు. "నేను అందరికీ ఫుల్లే వేస్తున్నానండి, పిల్లలు బతకాలి కదా. కాని ఈ ముప్పై ఒకటి ఇబ్బంది. పైన ఎవరైనా చూస్తే బాగోదు. ఎనభై చేయించేద్దాం."

యువ లెక్చరరు వైట్నరు పట్టుకుని అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. నేను పేపరు మీద చేయి వేశాను. "దీన్ని ముట్టుకోవద్దు."

"సరే సరే. మాస్టారి మాట కాదంటామా?" అని నవ్వి, మిగిలిన పేపర్లకు కూడా అవే మార్కులు వేసి సంతకం చేసి, కారెక్కి వెళ్లిపోయాడు.

నేను ఆయనకు ఒక రుజువు చూపించాలనుకున్నాను. ఆయనకు అది సిఫారసుగా తప్ప మరో విధంగా అర్థం కాలేదు. మన దేశంలో ఒక వృద్ధుడు ఒక పేపరు మీద వేలు పెట్టి చూపిస్తే దానికి ఇంకొక అర్థం ఉండే వీలు లేదు. ఏది నిజం అన్న ప్రశ్న మనదాకా వచ్చేసరికి ఎవరి మనిషి అన్న ప్రశ్నగా మారిపోతుంది. ఇటువంటి సమాజానికి ఇప్పుడు ఒక యంత్రం దొరికింది. అది అందరి మనిషి. ఎవరేమి అడిగినా కాదనదు. దానికి ఇంత ఘనస్వాగతం ఎందుకు లభించిందో నాకు వేరే వివరణ అక్కరలేదు.

ఆ పిల్ల వరండాలో నిలబడి ఉంది. మిగిలినవారంతా బస్సులకు వెళ్లిపోయారు.

"సదివారా మాస్టారూ ఆయన?"

"చదవలేదు."

"మార్కులో?"

"పూర్తిగా వేశాడు. అందరితోపాటు."

సీటుకు అడ్డం లేదని ఆమెకు అర్థమైంది. ఆ తరువాత ఫలితాలు వచ్చాయి, సీటు కూడా వచ్చింది. అందులో డెబ్బయి ఏడుకు ఏ భాగమూ లేదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. కాని ఆ సాయంత్రం ఆమె సంతోషించినట్టు నాకు కనబడలేదు. కొంచెంసేపు కాలి చెప్పుతో నేల గీకుతూ నిలబడింది.

"అలగైతే నేను రాసింది తప్పో ఒప్పో ఎవులికీ తెలీదన్నమాట," అన్నది.

"నీకు తెలుసు."

"నాకు తెలిస్తే సాల్దు కదండీ," అని విసురుగా అన్నది. "వొచ్చే ఏడు పిల్లలకి మళ్లీ ఇదే గడియారం ఇస్తారు." తరువాత, "బీరువా తాళం మీ దగ్గిరే ఉందా? బేగి ఇవ్వండి, బస్సెల్లిపోద్ది," అన్నది.

తాళం తీశాను. ఆమె ఒక అట్టముక్క చింపి, దాని మీద ఈ గడియారం పది నిమిషాలకు పావు నిమిషం ముందుకు పోతుంది అని రాసి, లోలకానికి వాడిన దారంతోనే స్టాప్ క్లాకుకు కట్టింది. యువ లెక్చరరు గుమ్మంలోంచి చూసి, తనిఖీవాళ్లు వస్తే ఇది బాగుండదేమో అని గొణిగాడు. నేను అతడి వైపు చూశాను. అతడు వెళ్లిపోయాడు.

ఆ పిల్ల పెన్ను నా చేతికి అందించింది. "కింద మీ సంతకం పెట్టండి మాస్టారూ. నా మాట ఎవులు నమ్ముతారు?"

నేను పెన్ను తిరిగి ఇచ్చేశాను. ఆ రోజంతా ఆ గదిలో సంతకాలకు కొదువ లేదు. వాటిలో ఒక్కటి కూడా ఆ గడియారానికి కీ ఇచ్చి చూడలేదు.

"నా సంతకం ఎందుకు? నా వాచీని నువ్వు నమ్మావా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, అట్టముక్కను మళ్లీ చేతిలోకి తీసుకుంది. కింద ఇంకొక వరుస చేర్చి, బస్సు కోసం పరుగెత్తింది. వంగి చదివాను. "నమ్మకపోతే వాచీ పెట్టి చూసుకోండి" అని ఉంది.